ఏరు వచ్చింది, కమిటీ రాలేదు

ఆర్ట్ మ్యూజియం లైబ్రరీలో ఇంటర్న్‌షిప్ మొదలుపెట్టబోయే పిల్లల కోసం ఏమైనా రాసివ్వమని లైబ్రరీ సైన్స్ చెప్పే ఒక మేడం అడిగారు. క్రమశిక్షణ గురించి, సేవాభావం గురించి రాస్తానని ఆమె అనుకుని ఉంటారు. ఆ మాటలు ఏ ఆఫీసు గోడ మీద చూసినా కనిపిస్తాయి. ఉద్యోగం నిజంగా ఎలా ఉంటుందో నేను రాస్తాను. చదివిన తర్వాత కూడా రావాలనిపిస్తే రండి.

నా పేరు సువార్తమ్మ. అనంతపురంలో ఒక చిన్న ఆర్ట్ మ్యూజియం, దాని వెనకవైపు రెండు గదుల లైబ్రరీ. నా ఉద్యోగమంతా ఆ రెండు గదుల్లోనే గడిచింది.

మొదటి రోజు

మొదటి రోజు మీ చేతికి పుస్తకం ఇవ్వరు, గుడ్డ ఇస్తారు. చిన్నబుచ్చుకోకండి. మా ఊరి దుమ్ముకు కిటికీలు లెక్కలేదు. పొద్దున తుడిచిన బల్ల మీద మధ్యాహ్నానికి వేలితో సంతకం పెట్టవచ్చు. ఏ పుస్తకం ఎక్కడుందో పుస్తకాలను తుడిచినవాళ్ళకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

రెండో సంగతి. లైబ్రరీకి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది కళ కోసం రారు, ఫ్యాను కోసం వస్తారు. ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్ళు తమ పుస్తకాలు తామే సంచుల్లో తెచ్చుకుంటారు. మన పుస్తకాలు వాళ్ళ మోచేతులకు దిండ్లుగా పనికివస్తాయి. వాళ్ళను తరమకండి. వాళ్ళు లేకపోతే రెండు గదులూ బల్లులవే.

ఒకాయన వచ్చి చిత్రకళ మీద మంచి పుస్తకాలు కావాలన్నాడు. సంతోషం పట్టలేక బీరువాలో ఉన్న మేలైనవన్నీ తీసి ముందు పెట్టాను. ఆయన ఓపికగా అన్నీ తిరగేసి, ఇంటి గేటుకు నెమలి డిజైన్ కోసం వచ్చానన్నాడు. నెమలి కూడా దొరికింది. ఆ గేటు ఊళ్ళో ఇప్పటికీ ఉంది. నా వృత్తి జీవితంలో కంటికి కనిపించే ఫలితం అదొక్కటే.

విగ్రహాల మధ్య విశ్వాసి

మా నాయన తనకల్లు వైపు పల్లెల్లో చర్చి ఉపదేశి. నాకు అక్షరాలు వచ్చింది బైబిలు వాక్యంతోనే. పెళ్ళయ్యాక కూడా ఆదివారపు బడి మానలేదు. అలాంటిదానికి మ్యూజియంలో ఉద్యోగం వచ్చేసరికి మా సంఘంలో గుసగుసలు మొదలయ్యాయి. మ్యూజియం నిండా రాతి దేవుళ్ళు, ఇత్తడి దేవతలు ఉంటారు కదా. ఒక ఆదివారం పాస్టరుగారు విగ్రహారాధన మీద ప్రసంగించారు. ఆయన చూపు మొదటి నుంచి చివరిదాకా నేను కూర్చున్న బెంచీ మీదే ఉంది.

ఆరాధన అయ్యాక మా నాయన ఆయన దగ్గరికి పోయి మెల్లగా అన్నాడు. "దుమ్ము తుడిచేదానికీ మొక్కేదానికీ తేడా దేవునికి తెలుసులే అయ్యగారూ. మన సంఘానికే ఎవరన్నా చెప్పల్ల."

ఆ తర్వాత ఆ విషయం మీద ప్రసంగం రాలేదు. మీ నమ్మకం ఏదైనా దాచుకోవలసిన పని లేదు. కౌంటరు మీద పరచవలసిన పని కూడా లేదు. నా బల్ల సొరుగులో బైబిలు ఎప్పుడూ ఉండేది. అడిగినవాళ్ళకు శిల్పాల పుస్తకాలే ఇచ్చేదాన్ని.

తోలుబొమ్మ పుస్తకమైన విధం

ధర్మవరం అవతల ఒక ఊళ్ళో తోలుబొమ్మలాట ఆడే కుటుంబాలు ఉన్నాయి. మేకతోలును వెలుగు దూరేంత పల్చగా గీకి, ఆరబెట్టి, రంగులు వేసి, సన్నటి చిల్లులు పొడుస్తారు. తెర వెనక దీపం పెట్టి ఆడిస్తారు. ఇప్పుడు ఆటలు తగ్గి, అదే తోలుతో హోటళ్ళకు దీపపు బుట్టలు చేస్తున్నారు.

ఆ కుటుంబాల్లో ఒక పద్ధతి ఉంది. ఆడి ఆడి కీళ్ళు తెగి, కుట్టడానికి కూడా తోలు ఆగని దేవుడి బొమ్మను పారెయ్యరు, అమ్మరు. ఆడే బొమ్మల పెట్టెలో ఉంచరు. పారే ఏటికి తీసుకుపోయి, మనిషిని సాగనంపినట్టు సాగనంపుతారు. పద్ధతి బాగుంది. ఏరు ఏదీ? మా వైపు ఏరంటే ఇసుక. వంతెన చూసి ఏరని గుర్తుపట్టాలి.

గోవిందరావు అనే ఆటగాడికి ఈ చిక్కే వచ్చింది. వాళ్ళ నాయన ఆడించిన రాముడి బొమ్మ పని అయిపోయింది. ఏరు మాత్రం రాలేదు. ఇంట్లో ఉంచితే ఎలుకలు. మ్యూజియంలో ఆట ఆడటానికి వచ్చినప్పుడు ఆ బొమ్మను, దానితో పాటు ముసలివైపోయిన మరికొన్ని బొమ్మలను గుడ్డలో చుట్టి తెచ్చి, ఏరొచ్చేదాకా పెట్టుకోమని అప్పటి డైరెక్టరుకు అప్పగించాడు. ఆ మాట డైరెక్టరుకు వినబడకపోలేదు. అనంతపురంలో ఏరొచ్చేదాకా అంటే శాశ్వతంగా అని ఆయన లెక్క వేసుకున్నాడు. వెంటనే శాలువా తెప్పించి కప్పి, బొమ్మలు చేతిలో ఉండగా ఫోటో తీయించాడు. శాలువా కప్పిన తర్వాత మన దగ్గర ఇక మాటలుండవు. తన ఆట నచ్చి గౌరవించారని గోవిందరావు అనుకున్నాడు. దానం అందిందని మ్యూజియం అనుకుంది. ఇద్దరూ చేతులు జోడించుకుని విడిపోయారు.

బొమ్మల మీద నల్ల సిరాతో నంబర్లు పడ్డాయి. పడిన తర్వాత పెట్టడానికి చోటు లేదు. హాల్లో అద్దాల బీరువాలన్నీ నిండిపోయాయి. పటాలు పరిచిపెట్టే వెడల్పాటి సొరుగులు మాత్రం లైబ్రరీలో ఖాళీగా ఉన్నాయి. మ్యూజియం వస్తువును లైబ్రరీకి పంపాలంటే కారణం కావాలి. మా ఆఫీసు ఆలోచించి కారణం కనిపెట్టింది. తోలు మీద గీసినవి కాబట్టి ఇవి తోలు పత్రాలు, తోలు పత్రాలు కాబట్టి రాతప్రతులు. ఆ విధంగా రాముడూ రావణుడూ పుస్తకాలై నా దగ్గరికి వచ్చారు.

శ్రావణి సర్దిన సొరుగు

శ్రావణి మా దగ్గరికి ఇంటర్న్‌గా వచ్చేనాటికి నాకు రిటైర్మెంటు దగ్గర పడుతోంది. రాప్తాడులో వాళ్ళ నాయనకు కిరాణా అంగడి. మొదటి రోజు ఇస్త్రీ చెదరని బట్టల్లో వచ్చి, ఏసీ ఉందా అని అడిగింది. ఉంది, పనిచెయ్యదు అని చెప్పాను. గుడ్డ ఇస్తే మాత్రం మారుమాట లేకుండా తీసుకుంది. అంగట్లో పెరిగిన పిల్లకు దుమ్ము కొత్త కాదు.

ఆమెకు ఆ బొమ్మల సొరుగు అప్పగించాను. ప్రతి బొమ్మకూ ఫోటో తీసి, కొలత, రంగు, పాడైన తీరు రాయడం పని. చాలా శ్రద్ధగా చేసింది. అంచులు మడవకుండా చిన్న బొమ్మలు కింద, పెద్ద బొమ్మలు పైన, మధ్యలో పల్చటి కాగితం. రాముడి రంగు దగ్గర ముదురు గోధుమ అని రాసింది. బల్ల మీద పరిచి చూస్తే అదే రంగు. నేను కూడా అంతకాలం అదే రంగనుకున్నాను.

ఆ ఏడాది వానలు కాలం తప్పి కురిశాయి. చిత్రావతి వచ్చింది. ఎంతోకాలానికి వచ్చిన ఏరు కదా, ఊళ్ళకు ఊళ్ళు టిఫిన్ కట్టుకుని, ఆటోలు మాట్లాడుకుని నీళ్ళు చూడటానికి పోయాయి. వంతెన మీద సెల్ఫీలు తీసుకునేవాళ్ళతో బస్సులు ఆగిపోయాయి. ఆ సందడిలోనే ఒకరోజు గోవిందరావు లైబ్రరీ గుమ్మంలోకి వచ్చాడు. మీసాలు పూర్తిగా నెరిసిపోయాయి. చేతిలో ఉతికిన తెల్లగుడ్డ ఉంది.

"ఏరొచ్చిందమ్మా. రాముని బొమ్మ తీస్కపోదామని వచ్చినా. తక్కినవి మీకాడ్నే ఉండనీ" అన్నాడు, చాకలికిచ్చిన పంచె అడిగినంత సహజంగా.

సొరుగు తీశాం. ఆయన లోపలికి వంగి చూశాడు. ఎవరు సర్దారని అడిగాడు. శ్రావణి గర్వంగా, సైజు ప్రకారం తానే సర్దానని చెప్పింది.

"సైజులో రావణుడే పెద్దోడు కదా తల్లీ. అందుకే రాముని నెత్తిన కూర్చోబెట్టినావు."

వాళ్ళ పెట్టెలో ఇద్దరినీ ఎప్పుడూ దగ్గర పెట్టరట. పెడితే మరుసటి ఆట చెడుతుందట. శ్రావణి మొహం ఎర్రబడింది. ఆయన నవ్వి, రాముడిని రెండు చేతులతో తీసి, కిటికీ దగ్గరికి తీసుకుపోయి ఎండకు అడ్డంగా పట్టుకున్నాడు. గోధుమరంగు ఎక్కడికి పోయిందో తెలియదు. ఒళ్ళంతా ఆకుపచ్చ, నడుము మీద ఎరుపు, చిల్లులున్న ప్రతిచోటా నగల్లాగా వెలుగు. ఒక చెయ్యి భుజం దగ్గర ఊడిపోయి ఉంది. శ్రావణి పెన్ను తీసి తాను రాసిన రంగు కొట్టేసింది.

డైరెక్టరు మాటలోనూ న్యాయం ఉంది

నంబరు పడిన వస్తువును నా అంతట నేను ఇవ్వలేనని గోవిందరావుకు చెప్పి, డైరెక్టరు గదికి తీసుకుపోయాను. శ్రావణి కూడా మా వెనకే వచ్చింది. శాలువా కప్పిన డైరెక్టరు ఎప్పుడో వెళ్ళిపోయాడు. ఈయన గుంటూరు వైపు మనిషి, పని మీద శ్రద్ధ ఉన్నవాడు. పై అధికారులను వెక్కిరించడం తేలిక కాబట్టి, ఈయన వాదన పూర్తిగా రాస్తాను. ఇంత పాత బొమ్మలు మిగిలినవే తక్కువ. దానంగా వచ్చిందని ఫోటో ఉంది. రేపటి పిల్లలకు చూపించవలసిన వస్తువును నీళ్ళపాలు చేసే హక్కు మనకు లేదు.

"సువార్తమ్మగారూ, మ్యూజియం బొమ్మను ఏట్లో వెయ్యడానికి ఇచ్చానని తెలిస్తే నన్ను కూడా అదే ఏట్లో వేస్తారు" అన్నాడు చివరికి.

గోవిందరావు గొంతు పెంచలేదు. "పిల్లోళ్ళకు చూపించల్ల అంటాండారు. ఇన్నేండ్లలో ఎవరు చూసినారు సార్? సొరుగులో పండుకోబెట్టినారు. బొమ్మ అన్నాక ఆడల్ల, లేదా పోవల్ల. మా నాయన చెయ్యి పెట్టి ఆడించిన బొమ్మ ఇది. దీన్ని సాగనంపకుండా నేను పోతే, పైన ఆయనకు ఏం చెప్పేది?"

డైరెక్టరు పాత ఫోటో తీసి శాలువా చూపించాడు. అప్పుడు, ఎవరూ అడగకుండానే, శ్రావణి మాట్లాడింది.

"సార్, మా అంగట్లో బస్సు దిగినోళ్ళు సంచులు పెట్టిపోతారు. కొందరు నెల్ల తరబడి రారు. సంచి వాళ్ళదే. మేము టీ ఇచ్చినామని మాదైపోదు."

ఇంటర్న్‌గా వచ్చిన పిల్ల డైరెక్టరుతో అలా మాట్లాడకూడదు. మీరు కూడా మాట్లాడకండి, అంత మంచి మాట మీ దగ్గర ఉంటే తప్ప.

డైరెక్టరు కోప్పడలేదు. తన చేతుల్లో ఏమీ లేదన్నాడు. మ్యూజియం వస్తువును బయటికి పంపే నిబంధనే లేదన్నాడు. అప్పుడు నాకు తట్టింది. ఇది మ్యూజియం వస్తువు ఎట్లా అవుతుంది? రాతప్రతి అని మీ ఆఫీసే రాసింది కదా సార్, చిరిగిపోయి పనికిరాని పుస్తకాన్ని తీసేసే పద్ధతి లైబ్రరీకి ఉంది, అది నా పని అన్నాను. ఆయన నవ్వాడు. మరి కమిటీ ఒప్పుకోవాలి కదండీ అన్నాడు.

చిరిగిన పుస్తకాల కమిటీలో ముగ్గురు ఉంటారు. ఒకాయన బళ్ళారిలో పెళ్ళికి పోయాడు. ఒకామె ఎన్నికల శిక్షణలో ఉంది. మూడో కుర్చీలో ఎవరున్నారో తేల్చడానికే కొంత కాలం పట్టింది. ఏరు వచ్చింది, కమిటీ రాలేదు.

వెనక తలుపు గుండా ఇచ్చి పంపవచ్చు కదా అని మీరు అడగవచ్చు. శ్రావణి అడిగింది. అలా ఇచ్చిన వస్తువును ముందు తలుపు గుండా పోలీసులు తెచ్చిపెడతారు. అప్పుడు దొంగ అనిపించుకునేది గోవిందరావు. బలహీనుడికి సాయం చెయ్యాలనుకుంటే రాజమార్గంలోనే చెయ్యాలి. అది ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యం ఎంత కష్టమో ఇప్పుడు చెబుతాను.

నీళ్ళ కోసం కాచుకున్నవాళ్ళం

గోవిందరావు మాటిమాటికీ వచ్చేవాడు. ధర్మవరం నుంచి వచ్చే రైలు దిగి, నడుచుకుంటూ వచ్చి, లైబ్రరీ వసారాలో కూర్చునేవాడు. ఏరు ఎంత ఉందో ఆయన చెప్పేవాడు. కమిటీ ఎంతవరకు వచ్చిందో నేను చెప్పేదాన్ని. మొదట నడుము లోతు అన్నాడు. తర్వాత మోకాళ్ళు. తర్వాత నీళ్ళు తెల్లబడి అడుగున రాళ్ళు కనిపిస్తున్నాయన్నాడు.

ఒకరోజు ఆయన మొహం చూడలేక, నా బాప్తిస్మం సంగతి చెప్పాను. మా సంఘంలో నీళ్ళు చిలకరిస్తే చెల్లదు, మనిషి పూర్తిగా మునగాలి. నేను తీర్మానం చేసుకున్న ఏడాదే కరువు. కుంటలు, బావులు అన్నీ ఎండిపోయాయి. రక్షణకు అందరం సిద్ధం, నీళ్ళు సిద్ధంగా లేవు. ఎదురుచూసి ఎదురుచూసి, చివరికి ఒక రైతు వేరుసెనగ చేలో మోటరు తొట్టి నింపిస్తానన్నాడు. పాటలు పాడుకుంటూ పోయాం. తొట్టి సగం నిండకముందే కరెంటు పోయింది.

గోవిందరావు ముందుకు వంగి, పూర్తిగా మునిగావా లేదా అని అడిగాడు.

మోకాటి లోతులో మునగాలంటే పడుకోవాలి కదా, పడుకున్నాను, ముక్కు పైకి తేలింది, పాస్టరుగారు మళ్ళీ అదిమారు అని చెప్పాను. ఆయన కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. తర్వాత తుడుచుకుని, "అయితే నీకు తెలుసులే మేడమ్మా" అన్నాడు.

మా సంఘంలో ఈ వ్యవహారం తెలిసి ఒకామె నన్ను నిలదీసింది. విగ్రహాన్ని సాగనంపడానికి విశ్వాసి సాయం చెయ్యవచ్చా అంది. దేవుడు తోలులో ఉండడని నేను నమ్ముతాను. ఈ మాట గోవిందరావు ముందు కూడా అన్నాను, ఆయన తప్పు పట్టలేదు. కానీ దాచిపెట్టమని ఒకడు అప్పగించిన వస్తువును తిరిగి ఇవ్వమని నాకు నేర్పింది కూడా ఆ దేవుడే. రెండింటిలో ఏది ముందో నిర్ణయించుకోవడానికి నాకు పెద్ద కష్టం కాలేదు.

కమిటీ వచ్చింది

కమిటీ వచ్చినరోజు అంతా సవ్యంగా జరిగింది. ముగ్గురూ కూర్చున్నారు, సమోసాలు తిన్నారు. బొమ్మను చూసి, నిజమే, బాగా చిరిగిపోయిన పుస్తకం అని ఒప్పుకున్నారు. టీ చల్లారకముందే పని అయిపోయింది. ఇంత చిన్న విషయానికి ఇన్నాళ్ళు ఎందుకు పట్టిందని ఒకాయన నన్నే మందలించాడు.

మర్నాడు గోవిందరావు వచ్చాడు. ఆయన చేతిలో తెల్లగుడ్డ లేదు. అది చూడగానే నాకు అర్థమైంది.

డైరెక్టరు స్వయంగా లైబ్రరీకి వచ్చాడు. ఈసారి సగౌరవంగా అప్పగించాలని శాలువా కూడా తెప్పించాడు. మడత విప్పుతుంటే గోవిందరావు రెండడుగులు వెనక్కి వేశాడు.

"వద్దు సార్. పోయినసారి కప్పినందుకే ఇంత అయింది."

డైరెక్టరు శాలువా మడిచి పక్కన పెట్టాడు. ఆయన మంచివాడని మళ్ళీ చెబుతున్నాను. చిత్రావతిలో నీళ్ళు ఇంకిపోయి గుంటలే మిగిలాయని విని నిజంగా బాధపడ్డాడు. కాలువ నీళ్ళతో నిండిన చెరువు ఒకటి ఉంది, తన కారులో తీసుకుపోతానన్నాడు. గోవిందరావు తల అడ్డంగా ఊపాడు. అవి మోటరు తోసిన నీళ్ళు, వచ్చి నిలబడతాయి, యాడికీ పోవు అన్నాడు. నిలబడిన నీళ్ళలో వేస్తే సాగనంపినట్టు కాదు, దాచిపెట్టినట్టే. అంతకంటే ఈ సొరుగే నయం అన్నాడు.

బొమ్మను మళ్ళీ ఒకసారి కిటికీకి పట్టి చూసుకుని, శ్రావణి చేతికి ఇవ్వబోయాడు. శ్రావణి చెయ్యి చాపలేదు.

"తాతా, ముందు ఒక మాట చెప్పు. మళ్ళీ ఏరొస్తే ఎవరొస్తారు? ఎవరికియ్యల్ల?"

ఆ మాట మ్యూజియం మొదటిసారే అడిగి ఉండవలసింది. గోవిందరావు ఆలోచించాడు. కొడుకు బెంగళూరులో దీపపు బుట్టల పనిలో ఉన్నాడు, వస్తాడో రాడో అన్నాడు. మళ్ళీ ఏరొచ్చేటప్పటికి తాను ఉంటాడో లేదో అన్నాడు. అంటూ నా వైపు తిరిగాడు.

"ఈ మేడమ్మ వస్తే ఇయ్యి. నీళ్ళ కోసం కాసుకున్న మనిషి."

నేను ఉలిక్కిపడ్డాను. "గోవిందరావన్నా, నేను మొక్కను. నీకు తెలుసు కదా" అన్నాను.

"మొక్కమని ఎవరన్నారు? ఏట్లో వదిలిపెట్టమంటాండా. మొక్కేది మేం ఎప్పుడో మొక్కినాం."

ఒప్పుకున్నాను. శ్రావణి అప్పుడు చేతులు చాపి బొమ్మను అందుకుంది. రాముడికి సొరుగు వేరే ఇచ్చింది.

ఆ తర్వాత నేను రిటైర్ అయ్యాను. శ్రావణి కాంట్రాక్టు మీద అక్కడే ఉంది, ఇప్పుడు కొత్తగా వచ్చేవాళ్ళకు గుడ్డ ఇచ్చేది ఆమే. గోవిందరావుకు మోకాళ్ళ నొప్పులు ముదిరి ఊరు కదలడం లేదు. మబ్బు పట్టినప్పుడల్లా ఫోను చేసి, మీ వైపు ఎట్లుండాది మేడమ్మా అని అడుగుతాడు. చిత్రావతి ఇంకా రాలేదు.

ప్రతి ఆదివారం మా సంఘంలో వాన కోసం ప్రార్థన జరుగుతుంది. అందరికన్నా గట్టిగా ఆమెన్ అనేది నేనే. రైతుల మీద నాకున్న ప్రేమ చూసి పాస్టరుగారు ముచ్చటపడుతున్నారు. ఆ నీళ్ళతో నాకు ఏం పనో దేవుడికి తెలుసు. ఇంతవరకు ఆయన అభ్యంతరం చెప్పలేదు.